ఒంట్లో ఐరన్ పుష్కలంగా ఉందన్నారు, ఆరో నెలలో షుగర్ అన్నారు

మొదటి కాన్పులో నా హిమోగ్లోబిన్ 8.6కి పడిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు బైర్లు కమ్మడం, దువ్వెన నిండా జుట్టు. చివరికి ఎనిమిదో నెలలో సెలైన్‌లో కలిపి ఐరన్ ఎక్కించారు. డికాషన్ రంగు మందు గొట్టంలోంచి చుక్క చుక్కగా దిగుతుంటే దాన్నే చూస్తూ పడుకున్నాను. అది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

పాప పుట్టిన మూడు నెలలకు రక్తం మామూలు స్థాయికి వచ్చింది, మాత్రలు ఇక ఆపేయమన్నారు. నేను ఆపలేదు. రోజూ కాదుగానీ, కాస్త నీరసంగా అనిపించినప్పుడల్లా ఒక స్ట్రిప్పు తెచ్చుకుని మింగేసేదాన్ని. ఐరనే కదా, తప్పేముంది అని ధీమా. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి.

రెండోసారి నెల తప్పినప్పుడు నాకు 34 ఏళ్ళు. పదకొండో వారంలో మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, పోయినసారి కథంతా ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, మామూలు రక్తపరీక్షలతో పాటు ఫెర్రిటిన్ కూడా రాశారు. హిమోగ్లోబిన్ అంటే చేతిలో ఆడుతున్న డబ్బు, ఫెర్రిటిన్ అంటే బ్యాంకులో దాచిన డబ్బు అని చెప్పారు. ఐరన్‌ను లోపల దాచి ఉంచే ప్రొటీన్ అది. ఒక్కో ఫెర్రిటిన్ అణువులో దాదాపు 4500 ఐరన్ పరమాణువులు పడతాయట. రక్తంలో కనిపించే కొద్దిపాటి ఫెర్రిటిన్‌ను కొలిచి లోపలి నిల్వ ఎంతుందో అంచనా వేస్తారు.

రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 13.1, ఫెర్రిటిన్ 126. ల్యాబ్ వాళ్ళు పక్కన వేసిన హద్దులు 13 నుంచి 150. ఎర్ర గుర్తు లేదు, బాణం లేదు. నా ఆనందానికి హద్దు లేదు. అమ్మకు ఫోన్ చేసి "ఈసారి రక్తం దండిగా ఉందమ్మా" అన్నాను. "నా తల్లే, పోయినసారి నన్ను చంపేశావు కదే" అని అమ్మ ఏడ్చినంత పని చేసింది. డాక్టర్ గారు కూడా బాగుందన్నారు. అందరికీ వేసినట్టే, పద్నాలుగో వారం నుంచి రోజుకొక మాత్ర రాశారు. 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మాత్ర పొద్దున వేసుకుని, నా దగ్గర మిగిలిన పాత స్ట్రిప్పులోంచి ఇంకొకటి రాత్రి వేసుకునేదాన్ని. డాక్టర్‌కు చెప్పలేదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మావారు ఒకసారి "రెండెందుకు?" అంటే, "నీకేం తెలుసు, పోయినసారి పడింది నేను" అని నోరు మూయించాను.

ఇరవై ఆరో వారంలో షుగర్ పరీక్ష. మూడుసార్లు రక్తం తీసే రకం. పరగడుపున ఒకసారి, తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి. ఆ నీళ్ళ గురించి ఎవరు చెప్పినా తక్కువే. తీపి నాలుకను దాటి చెవుల దాకా పాకుతుంది. అయిదు నిమిషాల్లో గ్లాసు ఖాళీ చేయాలి, వాంతి అయిందంటే ఆ రోజుకు పరీక్ష చెల్లదు. నా ఎదురు కుర్చీలో కూర్చున్న అమ్మాయికి అలాగే అయింది. పాపం, బాత్రూమ్ నుంచి బయటికొచ్చి "మళ్ళీ రావాలా?" అని నర్సును అడుగుతుంటే నేను తల తిప్పుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. నా కడుపులోనూ తిప్పుతోంది మరి.

ఫలితాలు: పరగడుపున 97, గంటకు 191, రెండు గంటలకు 148. హద్దులు వరసగా 92, 180, 153. ఈ మూడింటిలో ఏ ఒక్కటి హద్దు తాకినా జెస్టేషనల్ డయాబెటిస్, అంటే గర్భంతో ఉన్నప్పుడు బయటపడే షుగర్ అనే అంటారు. నాకు రెండు దాటాయి. ఈ అంకెలు గాలిలోంచి ఊడిపడినవి కావని తర్వాత తెలిసింది. తొమ్మిది దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణులను పరీక్షించిన హాపో అధ్యయనం 2008లో వచ్చింది. తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ మరీ బరువు పెరగడం లాంటి ఇబ్బందులు మెట్టుమెట్టుగా పెరుగుతాయే తప్ప, ఇక్కడిదాకా క్షేమం, ఇక్కడి నుంచి ప్రమాదం అని గీత ఎక్కడా కనబడలేదు. ఆ లెక్కల మీదే ఎక్కడో ఒకచోట గీత గీయాల్సి వచ్చి ఈ హద్దులు పెట్టారు.

డాక్టర్ గారు నెమ్మదిగానే చెప్పారు. ఈ నెలల్లో మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ చేసి సర్దుకుంటుంది. సర్దుకోలేనివాళ్ళకు షుగర్ బయటపడుతుంది. అమ్మకు షుగర్ ఉంది, నా వయసు 34, బరువు కూడా ఉండాల్సిన దానికన్నా ఎక్కువే. కారణాలు కళ్ళెదుటే ఉన్నాయి. కానీ నా బుర్రలోకి అవేవీ ఎక్కలేదు. నేను ఏం చేసి ఇది తెచ్చుకున్నాను అన్న ఒక్క మాటే తిరుగుతోంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళానో గుర్తులేదు, రెండు గంటలప్పుడు ఫెర్రిటిన్ అన్న మాట కంటపడింది. ఒంట్లో ఐరన్ నిల్వలు ఎక్కువున్న గర్భిణులకు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని. అమెరికాలో చేసిన అధ్యయనం, 2017లో అచ్చయింది. షుగర్ వచ్చిన 107 మందిని, రాని 214 మందిని తీసుకుని, గర్భం మొదటి నుంచి తీసి దాచిన రక్తాన్ని పోల్చి చూశారు. 10 నుంచి 14 వారాల మధ్య ఫెర్రిటిన్ అందరికన్నా ఎక్కువున్న పాతిక శాతం మందిని, అందరికన్నా తక్కువున్న పాతిక శాతంతో పోలిస్తే షుగర్ వచ్చే ఆడ్స్ (వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ మధ్య నిష్పత్తి) దాదాపు 2.4 రెట్లు. 15 నుంచి 26 వారాల మధ్య తీసిన రక్తంలో అయితే దాదాపు 4 రెట్లు.

లేచి వెళ్ళి ఫైలు తీశాను. పదకొండో వారం, 126. మేమంతా సంబరపడిన అంకె. దాని పక్కన నేనే పెన్నుతో వేసుకున్న టిక్కు కూడా ఉంది.

మావారిని లేపాను. నిద్రమత్తులో ఆయనకు సగం కూడా అర్థం కాలేదు. "పొద్దున మాట్లాడదాం" అన్నారు. నేను పొద్దుటిదాకా ఆగే స్థితిలో లేను. రెండు రకాల మాత్రలూ తీసి చెత్తబుట్టలో పడేశాను. తర్వాత తొమ్మిది రోజులు ఒక్క ఐరన్ మాత్ర ముట్టలేదు. ఇదీ డాక్టర్‌కు చెప్పలేదు. మూడు నెలల క్రితం చెప్పకుండా రెండు వేసుకున్నదాన్ని, ఇప్పుడు చెప్పకుండా మొత్తం ఆపేశాను.

పదో రోజు గ్లూకోమీటర్ అంకెలు చూపించడానికి వెళ్ళినప్పుడు అంతా కక్కేశాను. పాత స్ట్రిప్పులు, రెండు మాత్రలు, చెత్తబుట్ట, అన్నీ. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. "ఫెర్రిటిన్ టెస్టుకు ముందు మీకు జ్వరం గానీ, గట్టి జలుబు గానీ వచ్చిందా?" అన్నారు.

వచ్చింది. అంతకుముందు వారమంతా దగ్గు, జ్వరం. పాప స్కూల్ నుంచి తెచ్చి అంటించింది.

"మరి ఆ 126లో ఐరన్ ఎంతో, జ్వరం ఎంతో ఇప్పుడు ఎవరు చెప్పగలరమ్మా?" అన్నారు. ఒంట్లో ఎక్కడ వాపు (ఇన్‌ఫ్లమేషన్), ఇన్ఫెక్షన్ ఉన్నా ఫెర్రిటిన్ పెరుగుతుందట. క్రిములకు ఐరన్ కావాలి కాబట్టి, వాటికి దొరక్కుండా శరీరం దాన్ని దాచేసుకుంటుంది. అందుకే ఫెర్రిటిన్‌తో పాటు, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష కూడా చూస్తే మంచిది. నాకు అప్పుడు సీఆర్‌పీ చేయలేదు. అది తన పొరపాటేనని ఆవిడే అన్నారు. డాక్టర్ నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

ఆ రోజు నా తర్వాత బయట ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నా, ఆవిడ అరగంట నాతోనే మాట్లాడారు. నేను పట్టుకున్న అధ్యయనం తప్పు కాదన్నారు. ఐరన్ మరీ ఎక్కువైతే షుగర్‌కు దారి తీయగలదని ఎప్పటి నుంచో తెలుసు. హీమోక్రొమటోసిస్ అని పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది, ఆ జబ్బున్నవాళ్ళ శరీరం ఐరన్‌ను అవసరానికి మించి పీల్చుకుంటూనే ఉంటుంది. అది కాలేయంలో, క్లోమంలో పేరుకుపోయి, ఒళ్ళు కంచు రంగుకు తిరిగి, షుగర్ వస్తుంది. దాన్ని ఒకప్పుడు బ్రాంజ్ డయాబెటిస్ అనేవారు. కట్టుతప్పిన ఐరన్ లోపల తుప్పు పట్టించే పనే చేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి కణాల్ని కాల్చేసే రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకు ఆ మంటను తట్టుకునే రక్షణ మిగతా కణాలకన్నా తక్కువ.

"కానీ అది గ్రాములకు గ్రాములు పేరుకున్నవాళ్ళ సంగతి. మీది 126" అన్నారు. ఆ మాట అన్నాక కాస్త ఆగి, గర్భిణుల్లో అంత ఎక్కువ లేకపోయినా సంబంధం కనబడుతున్న మాట నిజమేననీ, అయితే అది కారణమో, ఆనవాలో తేలలేదనీ చెప్పారు. బరువు ఎక్కువున్నవాళ్ళలో లోలోపల కొద్దిపాటి వాపు ఎప్పుడూ ఉంటుంది. దానివల్ల ఫెర్రిటిన్ పెరుగుతుంది, దానివల్లే ఇన్సులిన్ పనిచేయడమూ తగ్గుతుంది. అలాంటప్పుడు ఫెర్రిటిన్ దొంగా, దొంగతనం చూసిన సాక్షా?

నేను అడగాల్సింది అడిగాను. "మరి నేను వేసుకున్న మాత్రల వల్లేనా మేడమ్?"

దీనికి మాత్రం ఆవిడ దగ్గర సూటి సమాధానం ఉంది. హాంకాంగ్‌లో 1164 మంది గర్భిణులను తీసుకుని, పదహారో వారంలోపే సగం మందికి రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2009లో ఫలితాలు వచ్చాయి. ఇరవై ఎనిమిదో వారంలో పరీక్షిస్తే షుగర్ విషయంలో రెండు గుంపులకూ తేడా లేదు. అంతకన్నా నాకు ఊరటనిచ్చింది ఇంకొకటి. అమెరికాలో 13,475 మంది నర్సుల మీద చేసిన పరిశీలనలో, గర్భానికి ముందు మాంసంలో ఉండే హీమ్ ఐరన్ ఎక్కువ తిన్నవాళ్ళకు ప్రెగ్నెన్సీ షుగర్ ఎక్కువ కనబడింది గానీ, మాత్రల ఐరన్‌కు అలాంటి సంబంధం కనబడలేదు.

అంటే నా తప్పు లేదా? "మీరు వేసుకున్న రెండో మాత్ర అనవసరం. దానివల్ల మీకు మలబద్ధకం తప్ప లాభం వచ్చి ఉండదు. షుగర్ దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను, రాలేదనీ చెప్పలేను" అన్నారు. మలబద్ధకం మాట విని నాకు నవ్వొచ్చింది. మూడు నెలలుగా దానికి విడిగా మందు వాడుతున్నాను మరి.

అప్పటికప్పుడు మళ్ళీ రక్తం తీయించారు. ఈసారి సీఆర్‌పీతో కలిపి. హిమోగ్లోబిన్ 11.4, ఫెర్రిటిన్ 52, సీఆర్‌పీ మామూలు. 126 నుంచి 52కి ఎలా దిగిపోయిందో నాకు అర్థం కాలేదు. గర్భం మొత్తానికి దాదాపు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలట. బిడ్డకు, మాయకు 300 దాకా పోతుంది, తల్లిలో కొత్తగా పుట్టే ఎర్ర రక్తకణాలకు అంతకన్నా ఎక్కువే పోతుంది. రక్తంలో నీరు పెరగడం వల్ల హిమోగ్లోబిన్ పలచబడుతుంది కూడా. అందుకే మధ్య నెలల్లో 10.5 దాకా ఉన్నా దాన్ని రక్తహీనత అనరు. అసలైన వాడకం చివరి నెలల్లోనే, "ఇప్పుడు మాత్రలు ఆపేస్తే కాన్పు నాటికి మళ్ళీ పోయినసారి కథే" అన్నారు. రోజుకు ఒకటి, ఒక్కటే, క్యాల్షియం మాత్రకు దూరంగా, టీ కాఫీలకు దూరంగా వేసుకోమన్నారు. చేతిరాతతో "ఒక్కటే" కింద రెండు గీతలు గీశారు.

తర్వాత మూడు నెలలు వేలికి సూది పొడుచుకోవడంతోనే గడిచాయి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు ఉండాలి. రోజుకు నాలుగుసార్లు. వేలి కొసన మధ్యలో పొడిస్తే ప్రాణం పోతుంది, పక్కగా పొడవాలి, చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి వేలు మొదలు నుంచి మెల్లగా నొక్కితే చుక్క వస్తుంది. ఇది నర్సు చెప్పలేదు, నాలాగే సూది పొడుచుకునే ఇంకొకావిడ వెయిటింగ్ హాల్లో చెప్పింది. పిండిపదార్థాలు తగ్గించి, తిన్న ప్రతిసారీ ఇరవై నిమిషాలు నడిస్తే మధ్యాహ్నం, రాత్రి అంకెలు మాట విన్నాయి. పొద్దున పరగడుపు అంకె మాత్రం 99, 101 దగ్గరే మొండికేసింది. ముప్ఫై ఒకటో వారంలో రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇన్సులిన్ అనగానే అమ్మ మళ్ళీ ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. అయిదో రోజుకు 91 చూసేసరికి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ముప్ఫై ఆరో వారంలో ఫెర్రిటిన్ 27. మాత్ర ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంటూ ఉండగానే.

ముప్ఫై తొమ్మిదో వారంలో బాబు పుట్టాడు, 3.3 కిలోలు. పుట్టగానే వాడి మడమ మీద చిన్న సూదితో పొడిచి షుగర్ చూశారు. తల్లికి షుగర్ ఎక్కువుంటే కడుపులో బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ చేసుకోవడం అలవాటుపడి, బయటికొచ్చాక వాడి షుగర్ ఒక్కసారిగా పడిపోతుందని భయం. మూడుసార్లు పొడిచారు, మూడుసార్లూ బాగానే ఉంది. మూడోసారి నేనూ వాడితో పాటు ఏడ్చాను. నా ఇన్సులిన్ ఆ రోజే ఆపేశారు. రక్తం మాత్రం అనుకున్న దానికన్నా కాస్త ఎక్కువే పోయింది.

కాన్పయ్యాక ఎనిమిదో వారంలో మళ్ళీ ఆ గ్లూకోజ్ నీళ్ళ పరీక్ష. ల్యాబ్‌లో అబ్బాయి "దీనికి బదులు హెచ్‌బీఏ1సీ చేయించుకోండి మేడమ్, ఒక్కసారి రక్తం తీస్తే చాలు, పసివాణ్ణి ఎత్తుకుని రెండు గంటలు కూర్చోనక్కర్లేదు" అన్నాడు. మంచికే చెప్పాడు. రక్తకణాలకు అంటుకున్న షుగర్‌ను కొలిచి రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అది. కానీ కాన్పులో రక్తం పోయినప్పుడు, ఐరన్ తక్కువున్నప్పుడు సరిగ్గా చెప్పదని అప్పటికి నాకు తెలుసు. కొత్త రక్తకణాలు ఎక్కువుంటే అంకె తక్కువ చూపిస్తుంది, ఐరన్ లోపంతో పాత కణాలు ఎక్కువ రోజులు తిరుగుతుంటే ఎక్కువ చూపిస్తుంది. గ్లూకోజ్ నీళ్ళే ఇవ్వమన్నాను. తీపి అంతే ఉంది, ఏమీ తగ్గలేదు.

పరగడుపున 88, రెండు గంటలకు 127. షుగర్ లేదు. కానీ ఒకసారి వచ్చినవాళ్ళకు ముందుముందు టైప్ 2 వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా చాలా రెట్లు ఎక్కువ కాబట్టి, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చూపించుకోమన్నారు. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.

ఫెర్రిటిన్ 14.

చీటీ మీద మళ్ళీ ఐరన్ మాత్ర రాశారు. మూడు నెలలు, తర్వాత రక్తం చూసి నిర్ణయిద్దాం అని. చీటీ చేతికిస్తూ ఆవిడ నా వైపు చూశారు. "ఒక్కటే మేడమ్" అన్నాను నేనే.

ఇంటికొచ్చాక మావారు స్ట్రిప్పు తీసుకుని దాని వెనక ప్రతి మాత్ర కిందా స్కెచ్ పెన్నుతో తేదీ వేశారు. మూడు నెలల తర్వాతి తేదీ దగ్గర "టెస్ట్" అని రాసి చుట్టూ గుండ్రంగా గీశారు.